గొట్టం వెడల్పయిందట!

ఏయ్, ఆ తాడు ముట్టకు అంజన్నా! ఎవర్నడిగి బండి తెచ్చినవ్? మా ఆయన రమ్మన్నడా? ఆయనేమన్న పాలు పిండుతడా, బర్రెను అమ్మేటందుకు? ఇన్నేండ్ల సంది బర్రెల బేరం చేస్తున్నవ్, మా చంద్రి నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనియ్యదని నీకెరుక లేదా?

ఏమన్నడు? "యశోదకు లోపట గొట్టం వెడల్పయింది, ఇగ బర్రె పని చేతకాదు" అన్నడా? గౌలిపుర మొత్తం చెప్పుకొచ్చినట్టుండు! పొద్దుగాల పాలకొచ్చినోళ్లు నన్ను చూసి కండ్లనీళ్లు పెట్టుకుంటున్నరు. ఒకామె అరటిపండ్లు గూడ తెచ్చింది.

కూసో, చెప్త. పోయినేడు రాళ్లయినయని నా పిత్తాశయం తీసేసిండ్రు కదా? మొన్న కడుపుబ్బరమని స్కానింగ్ తీపిస్తే, పిత్తం పోయే గొట్టం కొంచెం వెడల్పయిందన్నరు. ఆ ఒక్క మాటకే మా ఆయన రామ్‌చందర్ సాబుకు చెమటలు!

ఆయన పాలు పోసొచ్చేలోపు నేనొక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి పోయిన. ఆమె నవ్వి, సంచి తీసేసినోళ్లకు ఇది మామూలేనంది.

మన గల్లీల సుగుణమ్మ ఇల్లు చూసినవ్ కదా అంజన్నా? రోడ్డు వెడల్పుల ముందటర్ర పాయె. దాంట్ల సామానంతా ఏడికి పోయింది? నడవలకొచ్చింది. గోడ కొంచెం జరిపి కట్టుకున్నరు. ఇల్లు కూలిందా? మనుమరాలి పుట్టినరోజు ఆ నడవలనే చేసిండ్రు, నువ్వే రెండుసార్లు బిర్యానీ పెట్టించుకున్నవ్!

నా కడుపుల గూడ గంతే. సంచి పోయింది, దాంట్ల ఆగే పిత్తం కొంచెం గొట్టంలనే ఆగుతది, గొట్టం సాగుతది. రక్తపరీక్ష మంచిగనే ఉంది. కండ్లు పచ్చబడితే, చలిజ్వరమొస్తే, నొప్పి లేస్తే ఉరికి రమ్మంది డాక్టరమ్మ. ఉన్నయా అవి? చూడు నా కండ్లు, నీ కండ్లకన్న తెల్లగున్నయ్!

ఏంది? మరి ఈ ముచ్చట ఆయనకెందుకు చెప్పలే అంటవా?

అగో... గదొక్కటి అడగకు.

ఆ రోజు సంది పేడ ఆయనే తీస్తుండు, తెల్సా? పెండ్లయినంక మొదటిసారి నాకు చాయ్ పెట్టిచ్చిండు. అల్లం దంచి దంచి ఏసిండు, గొంతు మండిపోయింది. అయినా చుక్క ఇడవకుండ తాగిన. "నొప్పుందా యశోదా?" అని అడిగిండు. పేరు పెట్టి పిలిచిండన్నా! ఇన్నేండ్లు "ఓ, ఇగో" తప్ప ఇంకోటి ఎరుగను.

రేపు చెప్తనుకున్న. ఇంకొక్క రోజు గానియ్యి అనుకున్న. బర్రెనే బేరం పెడ్తడని నాకేమెరుక?

చెప్త, ఇయ్యాల చెప్తనే. చంద్రిని ఇచ్చేది లేదు.

అదిగో, ఆయనే వస్తుండు. చేతుల కొబ్బరిబోండం... నాకే కావొచ్చు. జర నోరు మూసుకోని కూసో అంజన్నా. అది తాగినంక చెప్త.