పదహారు కోర్లు, ఒకటే పట్టీ

చింతామణి బస్టాండు వెనక మునిరత్నమ్మ నడిపే, ఇండ్లకి ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసు. ఉదయం పదకొండు. ఆమె బల్ల ముందు భాను నిలబడి ఉంది.

"...అర్ధగంట, వెంకటరాయప్పా, అర్ధగంటలో వచ్చేస్తుంది, ఫోన్ పెట్టేస్తాండా. ఆఁ, చెప్పు పాపా, నీదీ కంప్లయింటేనా? యే వీధి?"

"కాదమ్మా. నా పేరు భాను. నేను వేరే..."

"ఈ వారంలో నెట్ రాలేదని తప్ప ఇంకో మాట చెప్పినోళ్ళు లేరు! నెట్ పంచే పాత మిషన్ నాలుగు కోర్లది, బాగనే ఉండె. ఇండ్లు ఎక్కువయినాయని పదహారు కోర్లది తెప్పిస్తి. తెచ్చినప్పట్నుంచీ ఇంకా నిదానం. కోర్ అంటే లోపల పని చేసే మనిషి లెక్కంట, పదహారు మంది పని చేస్తే జోరు కావల్ల గదా?"

"అన్ని ఇండ్ల ప్యాకెట్లూ, అదే, వచ్చే పోయే డేటా ముక్కలూ, ఈ మిషన్లో సాఫ్ట్‌వేరే చూసుకుంటుందా?"

"నీకు తెలుసా ఇదంతా?"

"బెంగళూరులో ఆరేండ్లు ఇదే పని చేసినా. ఒకసారి చూడనా?"

"చూడు తల్లీ, చూడు! సాయంత్రం ఐదుకి పిల్లోళ్ళు కాలేజీ సీట్లకి ఆప్షన్లు పెట్టేది ముగుస్తుంది. ఆరునూరు ఇండ్లు నన్ను తిట్టుకుంటాండాయి."

"ఆ... ఇదీ సంగతి. యే ఇంటి ప్యాకెట్ యాడికి పోయిందో రాసుకునే పట్టీ ఒకటే. దానికి తాళం ఒకటే. ఒక కోర్ తాళం తీసుకోని రాస్తాంటే, మిగతా పదిహేనూ ఊరికే నిలబడుకోనుండాయి."

"అంటే నేను తెచ్చింది పని చేసేవాళ్ళని కాదు, క్యూలో నిలబడేవాళ్ళనా?"

"అంతే. చూడండి, పన్నెండు కోర్లు ఆపేస్తా. ఇప్పుడు?"

"అయ్యో, జోరయిందే! అయితే ఆ పన్నెండూ దండగేనా?"

"కాదు, కాదు. కోర్‌కి ఒక పట్టీ ఇచ్చేద్దాం. దేనిది దానికే. తాళం మాటే లేదు. మీ సాఫ్ట్‌వేర్లో ఆ సెట్టింగు ఉండాది. పెట్టేదా?"

"పెట్టు, పెట్టు."

"పెట్టినా."

"పాపా... మూడు ఫోన్లూ ఒకేసారి మోగుతాండాయి. అందరికీ పూర్తిగా పోయిందంట!"

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం... పోయే ప్యాకెట్‌ని మూడో కోర్ రాసుకునింది. దాని జవాబు వచ్చి తొమ్మిదో కోర్ దగ్గర పడింది. తొమ్మిదోదాని పట్టీలో అది లేదు గదా, ఎవరిదో అని పారేసింది."

"పంపించినోళ్ళకే జవాబు కూడా ఇయ్యమని చెప్పరాదా?"

"అదేనమ్మా! అదే మర్చిపోయినా! పోయేదీ వచ్చేదీ ఒకే కోర్‌కి... ఆ. ఇప్పుడు అడగండి."

"ఉండు. హలో, అక్కయమ్మా? వచ్చిందా? పిల్లోడు ఆప్షన్లు పెట్టేసినాడా? ఇంజినీరింగా? సంతోషమమ్మా, సంతోషం! పాపా, నవ్వుతాండాది ఆయమ్మ. పదహారూ పని చేస్తాండాయా?"

"పదహారూ. ఒక్కటీ నిలబడుకోలేదు."

"చల్లగుండు తల్లీ. కాఫీ తాగు. ఇంతకీ నువ్వు యేం పని మీద వస్తివి?"

"అది... ఇప్పుడొద్దులేమ్మా."

"చెప్పు, పర్వాలేదు."

"ఎదురు వీధిలో నేనూ నెట్ ఆఫీసు తెరుస్తాండా. వచ్చే సోమవారం. ఇంకెవరో చెప్పేలోపల నేనే చెప్పల్లని... మీ ఇండ్లలో సగమన్నా నాకు వచ్చేస్తాయనుకోనుంటి."

"అట్లయితే దీన్ని యాల బాగుచేస్తివే?"

"మిషన్ చూస్తానే అంతా మర్చిపోతినమ్మా."

"బోర్డు రాపించేస్తివా?"

"ఇంకా లేదు. రేపు రాపించల్ల."

"అయితే నీ పేరు పక్కన నాదీ రాపించు."