ఢిల్లీబాబు మోసుకొచ్చిన బౌలు

కాశీబుగ్గ నుంచి సముద్రం వైపు వెళ్లే రోడ్డులో, అసిరమ్మ టీ బడ్డీ ముందు ఆ సాయంత్రం పెయింటరు పైడిరాజు రేకు బోర్డు మీద పేర్లు రాస్తున్నాడు. తుపాను షెల్టరు వెనకున్న స్కేటింగ్ పార్కులో బౌలు పాడైపోతే ఊరి పిల్లలూ పెద్దలూ చందాలు పోగుచేసి బాగు చేయించారు. రేపే దాని ప్రారంభం. పాటుపడ్డవాళ్ల పేర్లన్నీ బోర్డుకెక్కాయి గానీ పై వరస ఒక్కటీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చూసి ఢిల్లీబాబుకి నోరూరింది. రేపు ఇచ్ఛాపురం నుంచి కొత్త వియ్యంకుడు వస్తున్నాడు. బోర్డు మీద మొదటి పేరు తనదేనని ఆయనకి ఫోనులో ముందే కోతలు కోసేశాడు మరి. ఇప్పుడు పేరు లేకపోతే పరువు గంగలో కలుస్తుంది. పేర్లు చెప్పి రాయిస్తున్న చందాల కమిటీ పిల్ల రెబెక్కా ఎదురుగా బల్ల మీద కూర్చుని టీ తాగుతోంది. ఢిల్లీబాబు గొంతు సవరించుకున్నాడు.

"ఏటి పైడిరాజూ, పై వరస నాకోసమేనా అట్టిపెట్టినావు? రాసీ, రాసీ. నాకు పేర్ల పిచ్చి నేదు, ఎవుల్నైనా అడుగు. గానీ నిజవనేది ఒకటుంటాది కదేటి. ఈ గుంటలు సందాలు పోగుసేసారంట! ఏటి సేసారు? పలాస టేసన్లో జీడిపప్పు పొట్లాలు అమ్మారు, ఆదివారం సర్చికాడ కొబ్బరి లౌజులు అమ్మారు, జీడి ఫేక్టరీల్లో ఆడోళ్లకాడికెల్లి ఒకో పూట కూలి అడిగారు. ఛీ, ముష్టెత్తుకున్నట్టు! అలగ బౌలు ఒత్తాదా? నాను ఒక్క మాట, ఒకే ఒక్క మాట, జీడిపప్పు సేటుతో అన్నాను. 'సేటూ, పిల్లలు' అన్నాను, అంతే. ఆడు భోరుమని ఏడ్సీసినాడు. గల్లాపెట్టి తాళం తెచ్చి నా సేతిలో ఎట్టీసినాడు. ఆ తరవాత ఏటయ్యిందో తెల్సా?"

"తాళం తిరిగిచ్చీసుంటావు" అంది అసిరమ్మ టీ వడగడుతూ.

"ఎగతాళి సెయ్యకు, ఇను. తాళం ఆడి మొకానే కొట్టి, 'డబ్బు నాకెందుకు సేటూ, బౌలు కావాల' అన్నాను. ఎందుకన్నానూ? ఈ గుంటలు ఊరంతా అదే గోల కదా, బౌలు పగిలిపోనాది, బౌలుకే పెద్ద కర్సు, బౌలు నేకపోతే ఆట నేదు అని. నాకు ఒల్లు మండిపోనాది. ముష్టి బౌలుకోసం ఇంత ఏడుపా? తిన్నగా బుడితి ఎల్లిపోనాను. ఇత్తడి సామాను ఆళ్లు సేసినట్టు ఇంకెవులు సేత్తారు? 'గుంటలు ఆడి ఆడి అలిసిపోతే ఊరందరికీ సాలినంత అంబలి పట్టాల, అలాటి బౌలు కొట్టండి' అన్నాను. సగం ఆళ్లు కొట్టారు, సగం నాను కొట్టినాను. ఆ సుత్తి దెబ్బలకి టెక్కలి కాలేజీలో పరీచ్చలు ఆపీసారు."

రెబెక్కా గ్లాసు కింద పెట్టింది. "బౌలుని బుడితిలో కొట్టించావా మావా?"

"మరేటనుకున్నావు?"

రెబెక్కా పైడిరాజు వైపు చూసింది. పైడిరాజు కుంచె ఆపి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "సెప్పు మావా, ఆపకు" అంది ఆ పిల్ల, ఎంతో వినయంగా.

"మరి తేవాల కదా. లారీని పిలిస్తే, అది బౌలుని సూసి దానంతటదే ఎనక్కెల్లిపోనాది. ఇక ఎవుల్నీ నమ్మకూడదని తువ్వాలు సుట్టి నెత్తినెట్టుకుని, ఎత్తీసాను. టెక్కలి మీదుగా ఒత్తంటే దాని నీడకి సీకటడిపోనాదని కోళ్లన్నీ గూట్లోకి ఎల్లిపోనాయి. నౌపడ కాడ రైలు గేటేసుంది. నానాగుతానా? రైలే ఆగినాది. డ్రైవరు దిగొచ్చి, 'ముందు మీరెల్లండి బాబూ' అని దండం ఎట్టినాడు."

"ఏ రైలు బావా?" అంది అసిరమ్మ.

"అన్ని రైళ్లూ! అక్కడ మెడ కొంచెం పట్టీసినట్టనిపించి బౌలుని ఉప్పుమళ్లలో దించినాను. దించడవే తప్పయిపోనాది, మళ్లలో నీరంతా దాన్లోకొచ్చీసి, ఎండకి ఉప్పు కట్టీసినాది. ఈ ఏడు ఉద్దానం ఊళ్లన్నిటికీ ఆవకాయకి నా ఉప్పే. సరే, ఉప్పు దులిపి మల్లీ ఎత్తీసరికి, ఇదిగో, ఎదురుగా తుపాను!"

"ఏ తుపాను? మొన్నసలు తుపానేదీ రానేదు కదా" అంది అసిరమ్మ.

"ఎలగొత్తాది? నానాపీసినాను కదేటి! బౌలుని ఊరి మీద బోర్లించీసాను. గాలి ఒచ్చినాది, దానికేసి తల బాదుకున్నాది, సిగ్గుపడి ఒరిస్సా ఎల్లిపోనాది. ఒక్క కొబ్బరిసెట్టు ఇరగనేదు, ఒక్క జీడిమొక్క ఒరగనేదు."

"నానూ ఊల్లోనే ఉన్నాను కదా బావా, నాకు తెలీనేదే!"

"నువ్వు పడుకున్నావు. నీ నిద్ర సెడిపోతాదని సప్పుడు నేకండా బోర్లించినాను. మంచి సేస్తే మాటలే మిగిలాయి నాకు. మర్నాడు తిరగేసి పార్కులో కూకోబెట్టి, అంబలి పొయ్యకముందు ఒక్క రౌండు కొడదావని సక్రాల బల్ల ఎక్కినాను. ఎక్కితే అది నన్ను బౌలు అంచు దాటించి పైకి లేపీసినాది, కొబ్బరాకుల పైన్నించి మా వియ్యంకుడి డాబా కనపడ్డాది. ఉట్టిసేతుల్తో దిగడవెందుకని ఒక కాయ కోసినాను, కిందకొచ్చీలోపల పీసు తీసీసినాను. ఇప్పుడు సెప్పండి, బౌలు తెచ్చినోడు ఎవులు? పైడిరాజూ, రాయి, 'బౌలు దాత శ్రీ ఢిల్లీబాబు'. శ్రీ మర్సిపోకు."

పైడిరాజు రెబెక్కా మాట కోసం చూశాడు.

"మావా, నువ్వు మా పార్కుకి ఒకపాలైనా ఒచ్చావా?"

"రోజూ!"

"అయితే బౌలు సూసేవుంటావు."

"సూడ్డవేటి, మోసినాను కదేటి!"

"బౌలంటే గుంట మావా."

"గుంటా? ఎవుల గుంట?"

"ఎవుల పిల్లా కాదు. నేల్లో గుంట. తవ్వి, సిమెంటు నున్నగా పూసిన గొయ్యి. పిల్లలు ఇటునుంచి జారి అటు పైకెక్కుతారు, దాన్నే బౌలంటారు. ఆ గొయ్యినేనా నువ్వు బుడితినించి నెత్తినెట్టుకుని తెచ్చినావు?"

బడ్డీ ముందు బల్లలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. అసిరమ్మ చేతిలో టీ సగం పొయ్యిలో పడింది. ఢిల్లీబాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆఁ... గొయ్యే! అందుకే అంత బరువు!"

"గొయ్యిని బోర్లించావా బావా ఊరి మీద?" అంది అసిరమ్మ. "అందుకే నాకు తెలీనేదు."

రెబెక్కా మాత్రం నవ్వలేదు. ఇందాకటి మాట ఆ పిల్ల గుండెల్లో ఇంకా మండుతోంది. "ముష్టన్నావు సూడు మావా, జీడి పడి సేతులు పొక్కిపోయినా మా యమ్మా, ఆ ఆడోళ్లూ పూట కూలి ఒదులుకుని ఇచ్చారు. ఆ పై వరస ఆళ్లది. పైడిరాజు బాబాయ్, అక్కడ 'జీడి ఫేక్టరీ అమ్మలు' అని రాయి. మావ పేరు కూడా రాద్దాం, అట్టడుగున సోటుంది. 'గొయ్యి మోసిన ఢిల్లీబాబు' అని రాయి. రేపు వియ్యంకుడుగారు సదువుకుంటారు."

"ఓలమ్మ, ఒద్దు!" ఢిల్లీబాబు బల్ల మీంచి లేచిపోయాడు. "నీకు దండవెడతాను తల్లీ, నాకు పేరొద్దు. పైనొద్దు, కిందొద్దు, శ్రీ కూడా ఒద్దు. మా వియ్యంకుడు ఒకపాలి నవ్వితే బరంపురం దాకా ఇనపడతాది!"

పైడిరాజు అప్పటికే అట్టడుగున 'గొయ్యి మోసిన' అని ఎర్ర రంగుతో నిండుగా రాసేసి, కుంచె మళ్లీ డబ్బాలో ముంచుతున్నాడు.

"నీ పేర్లో 'డ'కి ఒత్తెట్టాలా బావా?" అని అడిగాడు.