నాలుగు లైట్ల అంతోని

ఆ శనివారం సాయంత్రం చర్చి వరండాలో పాపసంకీర్తనానికి, అంటే ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోడానికి, నిలబడ్డంత వరస ఉయ్యూరు చుట్టుపక్కల ఎప్పుడూ ఎవరూ చూసి ఉండరు. మర్నాడు పండగ. ఊరి ఫాదరుగారు గుణదల వెళ్తే, ఆయన బదులు స్పెయిన్ దేశపు ఫాదరొకాయన మధ్యాహ్నం దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పాపాలు వినే గదిలో కూర్చున్నాడు. ఆయనకు తెలుగు ముక్క రాదని ఊరంతా టముకేసినవాడు అంతోని. దాంతో ఏళ్ల తరబడి దాచుకున్న పాపాలు మూటగట్టుకుని జనం వచ్చేశారు. చెప్పినట్టూ ఉంటుంది, వినబడనట్టూ ఉంటుంది!

అంతోని ఎత్తు వేరు. రేపు ఫాదరు పక్కన నిలబడి ప్రసంగం తెలుగులోకి తర్జుమా చెయ్యాలి. గన్నవరం నుంచి అత్తగారు మార్తమ్మ వస్తోంది. అల్లుడు దేనికీ కొరగాడని పెళ్లినాటి నుంచీ ఊరందరి ముందూ అంటున్న ఆ నోరు మూతపడాలి. అందుకు వరసలో పక్కనే ఉన్న సంఘపెద్ద సంజీవరావు గారు ఒప్పుకోవాలి.

“స్పానిషు నీకెట్లా వచ్చిందిరా?” అన్నారాయన.

“ఏం చెప్పమంటారండీ! పోయినేడు గన్నవరం విమానాల కాడికెళ్లానా, అక్కడ స్పెయిను దొరొకాయన ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని ఒకటే ఏడుపు. లైటనే మాట కొరుకుడు పడలేదంట. పిచ్చిదొరా, ఇంగ్లీషోడు పిసినారి, నాలుగర్థాలకీ ఒకే మాటతో సరిపెట్టుకుంటాడన్నాను. దీపమైతే మీ భాషలో లూస్. బరువు లేకపోతే లిహేరో. లేత రంగైతే క్లారో. వెలిగించమంటే ఎన్సెందేర్. అంతే, కాళ్ల మీద పడ్డాడండీ!”

నిజానికి ఆ నాలుగు మాటలూ బఠాణీల పొట్లం కాగితం మీద దొరికితే పంతులుగారి చేత చదివించుకున్నాడు. ఆ కాగితం ఏ పుస్తకంలోదో, దాని మిగతా పేజీలు ఎవరి పొట్లాలకు పోయాయో, అంతోని స్పానిషు అక్కడితో సరి.

“పడితే పడ్డాడు గానీ ముందుకు జరుగు,” అన్నాడు వెనకున్న పుల్లయ్య.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొరెక్కిన విమానం బరువుకి లేవట్లా. లైటు, లైటు అని పైలట్టు మొత్తుకుంటన్నాడు. స్పెయినోళ్లు దీపమనుకుని అగ్గిపుల్లలు తీశారు! ఇంకేమన్నా ఉందా? నేను రెక్క పట్టుకుని లిహేరో అని ఒక్క కేకేశా. ట్రంకుపెట్టెలన్నీ బయటపడ్డాయి, విమానం లేచింది, రెక్కతో పాటు నేనూ లేచా.”

“నువ్వూనా!”

“మరి? తేలికైపోయి అది దిగితేగా! ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ గొట్టం మీద కాలానించి, విమానాన్ని తిప్పి స్పెయిను దాకా తోశా. అక్కడ దేశమంతా కరెంటు పోయి కూర్చున్నారు. ఎన్సెందేర్ అన్నా! ఆ వెలుగు బెజవాడ బ్యారేజీ దాకా వచ్చిందండీ, కృష్ణలో చేపలు తెల్లారిందనుకుని లేచాయి. ఆ విశ్వాసంతో ఇవాళ్టికీ అక్కడ ఇంటికొకడికి నా పేరే పెట్టుకుంటారు, అంతోనియో అని! కావాలంటే ఈ ఫాదర్నే అడగండి.”

“తెలుగు రానాయన్ని ఏమడుగుతాంరా?” సంజీవరావు గారు తల గోక్కున్నారు. “సర్లే, రేపు నువ్వే నిలబడు.”

అంతోనికి గుండె ఉప్పొంగింది. మార్తమ్మ మొహం అప్పుడే కళ్లకు కట్టింది. ఇంతలో గదిలోంచి శౌరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

“కోడలికి క్షమాపణ చెప్పుకోమన్నాడు,” అంది నీరసంగా.

“ఏ భాషలో?” అన్నాడు పుల్లయ్య.

జవాబు గది కిటికీలోంచి వచ్చింది, అచ్చంగా కడప యాసలో.

“అంతోనీ, నువ్వు రాప్పా! బయట చెప్పిన అబద్ధాలు మళ్లా చెప్పే పన్లే, అన్నీ వింటి. మిగిలిండేవి చెప్పు, సాలు.”

అంతోని వెనక్కి తిరిగాడు. పుల్లయ్య లేడు. వరసా లేదు. కంగారులో ఎవరో వదిలేసిన చెప్పుల జత ఉంది. సంజీవరావు గారు కూడా మెట్లు దిగిపోతున్నారు.

“నీ స్పానిషు సంగతి మార్తమ్మ గారికి రేపు నేను చెబుతాలే,” అన్నారాయన. “నువ్వు లోపలికి పో. చీకటిగా ఉంటే ఎన్సెందేర్ అను.”