వంతెన మీద పిలిచిన పేరు

ఊరు చూడవచ్చినవాళ్లకి మ్యాజిక్కులు చేస్తూ వీధులు తిప్పి చూపించే సాయంత్రం నడక ముగించుకుని తండ్రీ కూతురూ ఇంటికొచ్చారు. తల్లి వంటింట్లో ఉంది.

“పెట్టె గుమ్మం బయటే వదిలేస్తే వానకి తడవదా? అందులో నా పేకలున్నాయి, పావురం ఉంది.”

“అది గుడ్డ పావురం నాన్నా. తడిస్తే ఆరుతుంది.”

“టోపీ?”

“టోపీ కూడా ఆరుతుంది. నేను మాత్రం లోపలికి తేను. ఇక మొయ్యను కూడా.”

“ఏమిటే మీ గొడవ? వచ్చిన దగ్గర్నుంచీ పెట్టె, పెట్టె అని! ఏమండీ, మీరే తెచ్చుకోండి. దాన్ని విసిగించకండి.”

“ఊళ్లో అంతమందిని నవ్విస్తూ నడిపించుకొచ్చాను. ఇంటికొస్తే ఒక్క పెట్టెని లోపలికి నడిపించలేకపోతున్నా. బాగుందే ఇది, రేపు వాడుకోవాలి.”

“ఇంట్లో కూడా జోకులేనా?”

“ఇక్కడ వేసి చూశాకే బయట వేసేది. మీ అమ్మ మొహం మాడ్చుకుందంటే జనం పొట్ట పట్టుకుని నవ్వుతారని లెక్క.”

“అమ్మా, అడుగు. ఇవాళ చివర్లో ఏం చేశాడో అడుగు.”

“ఏం చేశారండీ?”

“ఏముంది, రోజూ చేసేదే. వంతెన దగ్గర ఆఖరి మ్యాజిక్కు. గుంపులోంచి ముక్కూ మొహం తెలియని ఓ అమ్మాయిని పిలుస్తాను...”

“అంటే నన్ను.”

“అది మీ అమ్మకి తెలీదా?”

“తెలుసు. మనసులో ఉన్న మనిషి పేరు చీటీ మీద రాస్తాను. నువ్వు చీటీ కాల్చి, బూడిద అరచేతికి రాసుకుని ఏదో పేరు చెప్తావు. ఏ పేరు చెప్పినా ‘అవునండీ, ఎలా తెలిసిందండీ’ అని నేను నోరు తెరవాలి. రోజూ మా లెక్కల టీచరు పేరే చెప్తావు. ఇవాళ ఎవరి పేరు చెప్పావు?”

“ముందు తల తుడుచుకో. జలుబు చేస్తుంది.”

“చెప్పు నాన్నా.”

“కాసిని మంచినీళ్లివ్వవే.”

“ఇస్తాను. దానికి జవాబు చెప్పండి ముందు.”

“గుంపు చల్లబడిపోయిందే. నేను మాట్లాడుతుంటే ఒకాయన ఫోనులో ఇల్లు బేరమాడుతున్నాడు. వెళ్లిపోదామని కొందరు గొడుగులు విప్పుతున్నారు. ఆ కంగారులో నోటికేదొస్తే అది...”

“అబద్ధం. చెప్పేముందు మైకు సర్దుకున్నావు. గొంతు సవరించుకున్నావు.”

“ఎవరి పేరే?”

“తమ్ముడిదమ్మా.”

“అలా చూడకే. పొయ్యి మీద ఏదో మాడుతోంది, చూసుకో.”

“మాడనివ్వండి.”

“ఈ ఇంట్లో వాడి మాటెత్తితే కంచం వదిలేసి లేచిపోతావు. అమ్మ వాడి ఫోటో గోడకి పెడితే తీయించి బీరువాలో బట్టల కిందికి తోయించావు. నాలుగేళ్లుగా మేమిద్దరం కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మాట్లాడుకుంటున్నాం వాడి గురించి. అలాంటిది మైకులోనా!”

“నువ్వు ‘అవునండీ’ అనేసి ఊరుకుంటే సరిపోయేది.”

“అన్నాను. నువ్వు ఊరుకున్నావా? ‘ఎవరమ్మా’ అన్నావు. ‘తమ్ముడండీ’ అన్నాను. ‘ఎక్కడున్నాడు’ అన్నావు. ‘లేడండీ’ అన్నాను. అప్పుడేమన్నాడో తెలుసా అమ్మా? ‘మాయమైపోయాడా! ఈ ఊళ్లో మాయం చేసే లైసెన్సు నా ఒక్కడిదే, నాకు చెప్పకుండా ఎలా మాయమయ్యాడు’ అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నాన్న ఆగాడు, వాళ్ల నవ్వు అయ్యేదాకా.”

“నువ్వేం చేశావే?”

“ఏడ్చాను. అది కూడా ఆటలో భాగమేనని చప్పట్లు కొట్టారు.”

“వెంటనే కొట్టలేదు. ముందు అందరూ బిగుసుకుపోయారు. ఫోను మాట్లాడేవాడు కూడా ఆపేశాడు. ఆ తర్వాత కొట్టారు చూడు! ఇన్నేళ్లలో నాకెవరూ అలా కొట్టలేదు. ఆ ముక్క ఉంచుదామే. నువ్వు కొత్తగా చెయ్యాల్సిందేం లేదు, ఇవాళ ఎలా ఏడ్చావో...”

“నాన్నా!”

“అంత అక్కర్లేదు. కాస్త తక్కువైనా సరే.”

“విన్నావా అమ్మా? టోపీలోంచి కుందేల్ని తీసినట్టు తీశాడు వాణ్ణి. రేపూ తీస్తాడట.”

“నీకేం తెలుసే! ఇంట్లో ఆ పేరు నా నోటికి రాదు. ప్రయత్నించలేదనుకుంటున్నావా? స్నానాలగదిలో తలుపేసుకున్నా రాలేదు. అక్కడ ఆ టోపీ పెట్టుకుని నిలబడితే వచ్చింది.”

“మరి జోకెందుకు?”

“పేరు వచ్చాక ఏం మాట్లాడాలో తెలీలేదు. నాకొచ్చింది అదొక్కటే.”

“వాడు ఆసుపత్రిలో ఉన్నప్పుడూ నీకొచ్చింది అదొక్కటే. ‘గుంపు ఎదురుచూస్తోంది, చిటికెలో వచ్చేస్తా’ అని వెళ్లిపోయావు. తిరిగొచ్చేసరికి వాడు లేడు.”

“నువ్వు రాలేదా నాతో?”

“రమ్మన్నది నువ్వే!”

“వచ్చింది నువ్వు.”

“అమ్మా, చూడు ఎలా అంటున్నాడో. నువ్వే చెప్పు. ఆ పేరు తీసెయ్యమను. తియ్యకపోతే ఇక నేను గుంపులోకి వెళ్లను. వేరే ఎవర్నైనా చూసుకోమను.”

“ఎలా అన్నారండీ?”

“ఏది?”

“వాడి పేరు. బళ్లో రాయించిన పేరా? పండూ అనా?”

“ఇప్పుడు ఆ ప్రశ్నెందుకమ్మా?”

“నిన్ను కాదు. ఆయన్ని.”

“ఆ రెండోదే.”

“గట్టిగానా?”

“వంతెన అవతలివాళ్లు తిరిగి చూశారు.”

“చివర్లో సాగదీశారా? మేడ మీంచి కేకేసేటప్పుడు సాగదీసేవారు.”

“తీశాననుకుంటా. తెలీదే.”

“సాగదీశాడమ్మా. అందుకే ఏడుపాగలేదు నాకు.”

“ఇప్పుడొకసారి అనండి.”

“ఇక్కడా?”

“ఇక్కడే. మేమిద్దరమే ఉన్నాంగా.”

“టోపీ తెచ్చుకోనా?”

“వద్దు. ఊరికే అనండి.”

“నా వల్ల కాదే. మంచినీళ్లిస్తానన్నావు.”

“వదిలెయ్యమ్మా. రా, ఇలా వచ్చి కూర్చో.”

“కూర్చోను. ఇద్దరూ వినండి, మళ్లీ చెప్పను. రేపట్నుంచి దీన్ని పిలవకండి, గుంపులో నేను నిలబడతాను. జోకు కూడా వేసుకోండి, నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. రోజుకొక్కసారి మీరు వాణ్ణి పిలవడం వింటాను.”