జేబులో గింజలు

దరియాలతిప్ప రేవులో ఆంథోనీ వల బాగుచేసుకుంటున్నాడు. ఎప్పుడో రిటైరైన ఆరోగ్యమ్మ టీచరు నాటకం కాగితాలు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది.

"గడ్డం ఉంటే పునీతుడైపోతారేంటండీ?"

"గడ్డం ఉంది, పొడుగున్నావు. పండక్కి వారమే ఉంది, ఆంథోనీ. ఆ కేరళ ఫాదరు, పునీత చవరా గారి వేషానికి మన గుడిలో ఇంకెవరూ లేరు."

"చదువు కోసం బతికినాయన వేషం, ఐదో తరగతిలో గెంటేసినోడికి. బాగుందండి. ఆయ్."

"ఎవరూ గెంటలేదు. నువ్వే మానేశావు."

"దొంగ పక్కన ఎవరూ కూర్చోకండి అన్నాక మానక ఏం చేస్తానండి?"

"పాతవి తవ్వకు. నీకు చదవడం రాదుగా, నేనే వినిపిస్తా..."

"వచ్చండి. ఐదు దాకా వచ్చు."

"సరే, విను. 'ప్రతి గుడి పక్కనా బడి ఉండాలన్నాడాయన. అంటరానివాళ్లన్న పిల్లల్నీ కూర్చోబెట్టాడు. వాళ్లకి మధ్యాహ్నం అన్నం కోసం, ఎసరు పెట్టినప్పుడల్లా ఇంటింటా గుప్పెడు బియ్యం పక్కకి తియ్యమన్నాడు.' మన బళ్లో కూడా అప్పట్లో..."

"తెలుసండి. ఆ బియ్యం పోగేసి మోసింది నేనే కదా. ఫరంపేటలో ఇరవై ఇళ్లు."

"అయితే ఇంకేం? బియ్యం కుండ పట్టుకుని నిలబడ్డమే..."

"నా చేతికి బియ్యం కుండా! 'గుప్పెడాంథోనీ కుండే లేపేశాడ్రోయ్' అని ఊరంతా నవ్వి చావదా? ఆ పేరు ఎవరు పెట్టారండి?"

"నేను పెట్టలేదు."

"మీరు నా జేబులు తిరగేశాకే వచ్చిందండి."

"గింజలు దొరికాయిరా! కళ్లారా చూశాను. సంచి కొలిచాను, తక్కువొచ్చింది."

"సరేనండి, వేస్తాను. ముందు మైకులో ఒక్క ముక్క చెప్పండి. ఆంథోనీ దొంగ కాదని. చాలు."

"గుళ్లో నిలబడి అబద్ధమాడమంటావా?"

"అదిగో. దారి అటండి. వల తొక్కకుండా వెళ్లండి."

"పోయిన నెల మా అమ్మ పెట్టె మోశావు. సమాధి తవ్వావు. ఈ పాటి పని చెయ్యవూ?"

"ఆవిడ వేరండి."

"వేరే. కూర వండితే చాలు, ఆంథోనీకి పంపు, ఆంథోనీకి పంపు. పోయేదాకా అదే పాట. దొంగ మీద ఆ ప్రేమేంటో నాకర్థం కాలేదు."

"మీకు చాలా అర్థం కాలేదండి."

"ఏంట్రా అర్థం కానిది? దొంగవి కాకపోతే ఆ బియ్యం ఏమయ్యాయి? చెప్పు! నలభయ్యేళ్లయింది, దీనికి మాత్రం నీ దగ్గర జవాబు లేదు."

"సిలువ మీద ఒట్టు వేయించుకున్నారండి."

"ఎవరు?"

"వద్దులెండి. వెళ్లండి."

"ఎవర్రా? లేనివాళ్ల మీదికి నెట్టే కబుర్లు నా దగ్గర కాదు!"

"లేనావిడేనండి. బడికెళ్తుంటే గుమ్మంలోంచి పిలిచారు. జీతం రాక రెండ్రోజులుగా పొయ్యి వెలగలేదు బాబూ, బడి బియ్యమని మా అమ్మాయికి తెలిస్తే ముద్ద ముట్టదు, నేను బతికుండగా చెప్పకు, అన్నారు."

"ఏ... ఏ అమ్మాయి?"

"బళ్లో సంచిలోంచి రెండు జేబులూ నింపుకెళ్లి ఆవిడ చేటలో పోశానండి. మధ్యాహ్నం మీరు ఇంటికెళ్లి మారు వడ్డించుకుని తిన్నారంట. తిరిగొచ్చి నా చెవి మెలేస్తుంటే, టీచరుగారూ, మీ చేతికింకా చారు వాసనొస్తానే ఉంది."