మూడో నంబరు ప్లగ్గు బిగించింది నేనే

మీరు నడిపే బండి స్పార్కు ప్లగ్గును ఒక్కసారైనా బయటికి తీసి కళ్ళారా చూసినవాళ్ళు మీలో ఎంతమంది? చేతులెత్తండి. రోజుకు పది గంటలు ఆ నిప్పురవ్వ మీద బతుకుతున్నాం, పిల్లల్ని దాని మీదే చదివిస్తున్నాం, మరి దాని ముఖం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఒకటి, రెండు... నాలుగు చేతులు. స్టోరు బాబాయ్, నువ్వు దించెయ్యి. డబ్బాలు అరలో సర్దినంత మాత్రాన చూసినట్టు కాదు. (నవ్వులు)

సభకు అధ్యక్షత వహిస్తున్న మన టాక్సీ షెడ్డు యజమానిగారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని ఇప్పటికే రెండు రుమాళ్ళు తడిపేసిన మేస్త్రిగారి ఇల్లాలు, మా వదినగారికి, తోటి డ్రైవర్లకు, మెకానిక్కులకు నమస్కారాలు. ముప్పై నాలుగేళ్ళు ఈ షెడ్డు ఇంజన్లకు ప్రాణం పోసి ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా పెద్ద మేస్త్రిగారికి చేతులెత్తి వందనాలు.

నన్ను పిలిచేటప్పుడే యజమానిగారు, "అయిదు నిమిషాలే, ఆదివారం ప్రసంగం కాదు" అన్నారు. అయ్యా, నేను ఏ బడిలోనూ దేవుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి కాను. ప్రయాణికుల కోసం ఎదురుచూసే వేళల్లో స్టీరింగు మీద గ్రంథం ఆనించుకుని నేర్చుకున్నాను. ఆదివారాలు టైర్ల కొట్టు మేడమీద గదిలో ఓ ఇరవైమందికి చెబుతుంటాను. గొంతు పెద్దది, నిదానం చిన్నది. కాబట్టి పది నిమిషాలు పడుతుంది, క్షమించాలి.

యజమానిగారి ముందు బల్ల మీద ఒక తెల్ల కవరు ఉంది. అందులో ఉన్నది మేస్త్రిగారి సేవాపత్రం. రేపు ఉదయం తొమ్మిదింటికి ఆయన దాన్ని తీసుకుని వృత్తివిద్యా పాఠశాలకు వెళ్ళాలి. ఇంజను పని నేర్పే ఉద్యోగం అక్కడ ఆయన కోసం ఉంది, పత్రం చూడటమే తరువాయి. ఆ పత్రంలో చివరి వాక్యం ఏమిటో మనకందరికీ తెలుసు, ఎందుకంటే రెండేళ్ళుగా మన నోటీసు బోర్డు మీద అదే వేలాడుతోంది: "ఈయనకు పర్యవేక్షణ లేకుండా ఇంజను పని అప్పగించరాదు." సహోదరులారా, ఆ వాక్యం అబద్ధం. అబద్ధాలకు తండ్రి సాతాను అని గ్రంథం ఎప్పుడో చెప్పింది; ఈ ఒక్కదానికి మాత్రం తండ్రిని నేను.

(కుర్చీల చప్పుడు)

ఎవరూ లేవకండి. వదినగారూ, మీరు కూడా. మేస్త్రిగారూ, మీరు తల అడ్డంగా ఊపినా నేను ఆగను.

మొదట ఆయన పని గురించి చెప్పనివ్వండి, అప్పుడే నా పని ఎంత చెడ్డదో తెలుస్తుంది. ఈయనకు మనం పెట్టుకున్న పేరు 'చల్లారనీ మేస్త్రి'. బండి ఆగి ఆగి మిస్సింగ్ కొడుతోందని వగర్చుకుంటూ వెళ్ళినా, ట్రాఫిక్కులో ఎవరితోనో కొట్లాడి మొహం ఎర్రగా చేసుకుని వెళ్ళినా, ఆయన బల్ల దగ్గరి ఎత్తుపీట మనవైపు తోసి అదే మాట: "చల్లారనీ." మనిషికీ అదే వైద్యం, ఇంజనుకూ అదే. బానెట్ ఎత్తి, అరచెయ్యి ఇంజను పైభాగం, హెడ్డు మీద ఆనించి, తల్లి పిల్లాడి నుదురు చూసినట్టు చూసి, వేడిగా ఉంటే పానా ముట్టుకునేవారు కాదు. చల్లారాక ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదేవారు, లోపలికి ఒక్క ఇసుకరేణువు పడినా సిలిండరు గీసుకుపోతుందని. తీసిన నాలుగింటినీ గుడ్డ మీద వరసగా, తీసిన వరసలోనే పరిచి, ఒక్కొక్కటీ వెలుగులోకి ఎత్తి చూసేవారు.

ఎన్నిసార్లు చూశానో ఆ చూపు! గోధుమరంగు తిరిగి ఉంటే, "ఇది ఆరోగ్యంగా ఉందిరా" అనేవారు. మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ, నూనెతో జిడ్డుగా ఉంటే లోపల రింగులు అరిగాయనీ, సున్నం కొట్టినట్టు తెల్లగా కాలిపోయి ఉంటే తప్పుడు ప్లగ్గు వేశారనీ చెప్పేవారు. ఒకసారి మన పొడుగాయన, అదిగో వెనక తలుపుకు ఆనుకున్నాడే, ఆయనే, "మేస్త్రీ, ప్లగ్గు చూసి నా జాతకం కూడా చెప్పేస్తావా?" అని ఎగతాళి చేశాడు. ఈయన ప్లగ్గు తిప్పి చూస్తూ, "జాతకం తెలీదుగానీ, నువ్వు బండి ఆపి ఇంజను ఆపకుండా గంటల తరబడి కబుర్లాడతావని మాత్రం తెలుస్తోంది" అన్నారు. (నవ్వులు) ఏం పొడుగన్నా, అబద్ధమా?

ఇక కొత్త ప్లగ్గు ఎంచుకోవడం. కొట్టువాడి మాట వినరు, మెరుపు చూడరు. ఆ ఇంజనుకు పుస్తకంలో ఏ నంబరు రాసి ఉందో అదే. బిగించే మర పొడవు అదే, వేడి తట్టుకునే అంకె అదే. "మర పట్టింది కదా అని ప్లగ్గు సరిపోయినట్టు కాదురా. చెప్పులో కాలు దూరినంత మాత్రాన ఆ చెప్పు నీదవుతుందా?" అనేవారు. నిప్పురవ్వ దూకే సందును రేకుతో కొలిచి, తరువాత ప్లగ్గు నెత్తిన చిన్న రబ్బరు గొట్టం తొడిగి, ఆ గొట్టాన్ని రెండు వేళ్ళతో తిప్పేవారు. మర సరిగ్గా పడితే ప్లగ్గు తనంతట తానే దిగుతుంది. పక్కకు ఎక్కబోతే గొట్టం జారుతుంది గానీ ప్లగ్గు కదలదు. చేతికి తెలిశాకే పానా. పానా కూడా చివరి పావు చుట్టుకే.

నేనెప్పుడూ నవ్వేవాణ్ణి. "అన్నా, ఇంత చాదస్తమా? పిల్లకు జడ వేస్తున్నావా, ప్లగ్గు వేస్తున్నావా?" అని. "జడ తప్పితే మళ్ళీ వేసుకోవచ్చు. మర తప్పితే ఏం చేస్తావు?" అన్నారు. ఏం చేస్తానో చేసి చూపించాను.

రెండేళ్ళ కిందట, ఒక శనివారం మధ్యాహ్నం. నా బండి మిస్సింగ్. సాయంత్రం పక్క ఊళ్ళో ప్రార్థన కూటం, నేనే ప్రసంగీకుణ్ణి. మేస్త్రిగారు తన పేరు మీద పనికార్డు తెరిచారు, సరైన ప్లగ్గులు నాలుగూ సందు కొలిచి సొరుగులో పెట్టారు, హెడ్డు మీద చెయ్యి వేసి, "ఇంకా కాలుతోంది, గంటన్నర పడుతుంది. నేను చెప్పకుండా ముట్టుకోకు" అని భోజనానికి వెళ్ళారు. గంటన్నర! అక్కడ ఆత్మలు నశించిపోతున్నాయి, ఇక్కడ నన్ను ఇంజను చల్లారేదాకా కూర్చోమంటున్నాడు! అని నాకు మండింది. సొరుగు తాళం ఆయన దగ్గర ఉంది. సందు చివరి కొట్టుకు పరిగెత్తాను. "అన్ని బండ్లకూ పడుతుంది, పైగా మెరుపు చూడండి" అన్నాడు కొట్టువాడు. మెరుపు చూశాను. కొన్నాను. కాలుతున్న ఇంజను మీద పాతవి విప్పాను. గుడ్డ లేదు, ఊదటం లేదు, గొట్టం లేదు. ప్లగ్గును పానాలోనే పెట్టి తిన్నగా బిగించేశాను. మూడో నంబరు దగ్గర చేతికి కరకరమని తగిలింది. తగిలింది, సహోదరులారా. నా చేతికి తెలిసింది. తెలిసే ఇంకో చుట్టు లాగాను.

ఆయన భోజనం నుంచి వచ్చేలోగా బండి తీసుకుని కూటానికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం నేను దేని మీద బోధించానో తెలుసా? సత్యం మీద. గంటసేపు. జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే బండి తెచ్చి దాని చోట పెట్టేసి ఆరాధనకు వెళ్ళిపోయాను. అదే బండి మీద తరువాతి వంతు పొడుగన్నది. ఎత్తురోడ్డు ఎక్కుతుంటే మర ఊడి ప్లగ్గు తుపాకీగుండులా ఎగిరి బానెట్‌కు కొట్టుకుంది. వెనక సీట్లో పరీక్షకు వెళ్తున్న ఒక అమ్మాయి, వాళ్ళమ్మ. వానలో ఆ పిల్ల పుస్తకాలు కొంగు కింద దాచుకుని పరిగెత్తిందని పొడుగన్న వచ్చి చెబుతుంటే, నేను ఇదే షెడ్డులో గోడ వైపు తిరిగి టీ తాగుతున్నాను.

యజమానిగారు విచారించారు. మన షెడ్డు నియమం మీకు తెలుసు: కార్డు ఎవరి పేరు మీద తెరిచి ఉంటే ఆ బండిలో జరిగిన ప్రతి పనికీ వాళ్ళే జవాబుదారీ. మేస్త్రిగారు ఆ ప్లగ్గు చేతిలోకి తీసుకున్నారు. నలిగిన మర చూశారు. తాను కొలిచిపెట్టినవి నాలుగూ సొరుగులో అలాగే ఉన్నాయని ఆయనకు తెలుసు. ప్లగ్గు మీది నుంచి కళ్ళెత్తి నావైపు ఒక్కసారి చూశారు. నేను కప్పులోకి చూశాను. "కార్డు నా పేరు మీదే ఉందండీ" అన్నారు. అంతే.

దేవుడి మాట కాదని పారిపోతున్న ప్రవక్త ఓడ అడుగున హాయిగా నిద్రపోతుంటే తుఫాను ఓడవాళ్ళందరి మీదా పడిన కథ నేను యాభైసార్లు చెప్పి ఉంటాను. ఆ నిద్ర ఎంత మెత్తగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

తరువాత బోర్డు మీదికి ఆ వాక్యం ఎక్కింది. ఆయన చేసిన ప్రతి పనికీ రెండో సంతకం కావాలి. ఎవరిది? ఆయన దగ్గరే పని నేర్చుకున్న మన చెల్లెమ్మది. అమ్మా, తల దించుకోకు, నీ తప్పు ఏమీ లేదు. మొదటిరోజు నువ్వు కార్డు పట్టుకుని, "మేస్త్రిగారూ, మీరు అటు తిరగండి, నేను కళ్ళు మూసుకుని పెట్టేస్తాను" అంటే, ఈయన ఏమన్నారో నేను విన్నాను: "కళ్ళు తెరిచి పెట్టు. ప్లగ్గు ప్లగ్గూ చూసి పెట్టు. చూడకుండా పెట్టిన సంతకం నా పనికి అక్కర్లేదు." గురువు చేతులు కట్టుకుని నిలబడి, శిష్యురాలు తన పని తనిఖీ చేస్తుంటే, "గొట్టం ఇంకాస్త నిటారుగా పట్టు" అని నేర్పుతూనే ఉన్నారు. రెండేళ్ళు. ఒక్కరోజు ముఖం చిట్లించలేదు. నేను మాత్రం షెడ్డులో ఆ బల్ల వైపు నడవడం మానేశాను.

గ్రంథంలో, తన గురువును ఎరుగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు కోడి కూయగానే బయటికి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు కోడి ఏడాదిపాటు రోజూ కూసింది, నేను దుప్పటి ముసుగేసుకున్నాను. చివరికి ఒకనాడు భోజనాల వేళ ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఆ మూడో నంబరు..." అన్నాను. ఆయన అన్నం ముద్ద నమిలి, నీళ్ళు తాగి, "నాకెందుకురా చెబుతున్నావు? నాకు ఆ రోజే తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పు" అన్నారు.

"మరి నువ్వెందుకు చెప్పలేదన్నా?"

"నేను చెబితే అది చాడీ. నువ్వు చెబితే సాక్ష్యం. ఇరవైమందికి సాక్ష్యం చెప్పమని బోధించేవాడివి, నీ నోట్లోది నేను లాక్కోవడం ఏం బాగుంటుంది?"

ఆ మాట కొరడా దెబ్బ కంటే గట్టిగా తగిలింది. తగిలినా, వచ్చే ఆదివారం చెబుదాం అనుకున్నాను. తరువాతి ఆదివారం అనుకున్నాను. ఇంకో పదకొండు నెలలు అలా వాయిదాల్లో గడిపాను. వారం కింద ఆఫీసులో కాగితాలు టైపు చేసే అమ్మాయి, "బోర్డు మీది వాక్యమే పత్రంలోకీ ఎక్కించమన్నారండీ" అని ఎవరితోనో అంటుంటే విన్నాను. బలిపీఠం దాకా కానుక మోసుకొచ్చినవాడికి, సహోదరుడికి చేసిన అన్యాయం గుర్తొస్తే, కానుక అక్కడే పడేసి ముందు ఆ లెక్క సరిచేసుకో అంది గ్రంథం. ఇక్కడికి నేను తెచ్చిన కానుక మూడు పేజీల పొగడ్తల కాగితం. అదిగో, కుర్చీలో వదిలేశాను.

వదినగారూ, రెండేళ్ళు మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ నాకు కడుపునిండా పెట్టారు. ఆ ఇంటి పెద్దకు నేను పెట్టించిన తలవంపు మీకు తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలిసే పెట్టి ఉంటే, నేను మరింత చిన్నవాణ్ణి. క్షమించండని అడిగే అర్హత లేదు, అయినా అడుగుతున్నాను.

మేస్త్రిగారూ, అన్నా. మీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచారు నన్ను. మీరు చాలా గొప్పవారు, సౌమ్యులు అని చెప్పి కూర్చుని ఉంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. కానీ మీకు కావలసింది చప్పట్లు కాదు. రేపు పొద్దున ఆ పాఠశాలలో బల్ల అవతలి మనిషి మీ పత్రం తిప్పి చివరి వరస చదివేటప్పుడు, మీరు మళ్ళీ నోరెత్తరని నాకు తెలుసు. "కార్డు నా పేరు మీదే ఉందండీ" అంటారు. ఆ తరగతి గదిలో ముప్పైమందికి మీ చేతి పని అందకుండా పోతుంది. నా ఒక్క గంటన్నర తొందరకు అంత నష్టమా? కుదరదు.

యజమానిగారూ, ఇదిగో నా బండి తాళంచెవి, బల్ల మీద పెడుతున్నాను. నియమం ప్రకారం ఏ శిక్ష అయినా వెయ్యండి, తలవంచుతాను. ఆ శిక్ష సంగతి రేపు చూసుకోవచ్చు, వారం తరువాత చూసుకోవచ్చు. ఆయన పత్రం మాత్రం రేపటిదాకా ఆగేది కాదు. టైపు అమ్మాయి ఇక్కడే ఉంది, మెట్లు దిగితే ఆఫీసు, అయిదు నిమిషాల పని. చెల్లెమ్మా, నువ్వు వెళ్ళి బోర్డు మీది కాగితం పీకెయ్యి. పొడుగన్నా, తలుపు దగ్గర నిలబడ్డావు కదా, ఆమెకు దారి ఇవ్వు. మిగతా మీరంతా, ఎవరి కార్డు మీద మీ తప్పు ఎక్కి ఉందో వాళ్ళు ఈ గదిలోనే ఉంటే, టీ చల్లబడినా పరవాలేదు, ముందు వాళ్ళ దగ్గరికి నడవండి.

ఇంత కటువుగా మాట్లాడినా ఓపికగా విన్న సభకు కృతజ్ఞతలు. ఈ మైకుకూ, నా భయానికీ కలిపి సెలవు. అయ్యా, కవరు విప్పండి. ఆ వాక్యం కొట్టెయ్యండి. ఇప్పుడే, ఆయన ఈ గడప దాటకముందే.