గిన్నెలో పట్టని గింజ

ఎరువుల కొట్టు పక్కనున్న టీ బంకు దగ్గర యూరియా మావయ్య నోరు తెరిచాడంటే చేతుల్లో టీలు చల్లారిపోవాల్సిందే. ఆ వేళ ట్రాక్టరు తొట్టి నిండా యూరియా బస్తాలు ఎక్కిస్తుంటే, "ఇంతేస్తే పైరు పడిపోతుందయ్యా" అన్నాడు కొట్టాయన. అంతే, మావయ్య అంతెత్తున లేచాడు.

"నా వరి గురించి నాకే చెబుతావా? పోయినేడు నువ్వు చెప్పినదానికి రెట్టింపు చల్లాను. తెల్లారేసరికి పైరు మోకాలి దాకా వచ్చింది."

"ఒక్క రాత్రిలోనా?" అన్నాడు టీ బంకాయన.

"విను మరి. మధ్యాహ్నానికి నడుం దాటింది, పొద్దుగూకేసరికి కరెంటు తీగల్ని తాకింది, లైన్‌మన్ పరిగెత్తుకొచ్చి అయ్యా కాస్త వంచండి అని బతిమాలాడు, నా పైరు ఎవరికీ తల వంచదన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగలే ఇంకాస్త ఎత్తున కట్టుకున్నారు."

"ఆకు ఏపుగా పెరిగితే గింజ పట్టక వెన్ను తాలు పోతుంది కదా." కొట్టాయన వదల్లేదు.

"తాలా? ఒక్కో గింజ గుమ్మడికాయంత. కొడవలికి తెగక రంపం తెచ్చాం. ఒక గింజ గట్టు మీంచి దొర్లి కాలవకి అడ్డం పడితే, నీళ్ళు రావట్లేదని కింద పొలాలవాళ్ళు నా మీదికి గొడవకొచ్చారు."

నిజానికి పోయినేడు గింజ పాలు పోసుకునే వేళ వీచిన చిన్న గాలికే అతని చేను చాపలా పరుచుకుంది. మిల్లులో ఆడిస్తే వచ్చింది ఊకా, నూకా. అది గుర్తొచ్చినకొద్దీ మావయ్య గొంతు పెరుగుతోంది.

కొట్లో విత్తనాలు తీసుకుంటున్న అతని చెల్లెలు బయటికొచ్చింది.

"అన్నయ్యా, అంత పంట పండితే మొన్న వదిన మా ఇంటికి బియ్యం కోసం ఎందుకొచ్చింది?"

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం దించలేదు.

"నా గింజ పట్టే గిన్నె మా ఇంట్లో లేక."

చెల్లెలు నవ్వలేదు. "పిల్లలు తినాలి కదా అన్నయ్యా. ఈసారి సగమే వెయ్యి. అదీ ఒక్కసారే కుమ్మరించకుండా విడతలుగా చల్లు. గిన్నెలో పట్టే గింజ పండుతుంది."

మావయ్య తొట్టిలోంచి ఒక బస్తా భుజానికెత్తి, కొట్టు అరుగు మీద దబ్బున పడేశాడు. ఇంకోటి కూడా.

"నువ్వు చెప్పావని కాదు," అన్నాడు చెల్లెలి కళ్ళలోకి చూసి. "ఎద్దులు మొయ్యలేవని."

"ఎద్దులెక్కడివి మావయ్యా," అన్నాడు టీ బంకాయన, "నువ్వొచ్చింది ట్రాక్టరు మీద."